మన వాడలో మనసు డాక్టరును వెతకడం

(వార్షికోత్సవ సభ రెండో రోజు ఉదయం, ఆరోగ్య గోష్ఠిలో సోలాపూర్ ఆడపడుచు, విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది, వక్త చూసి సరిదిద్దారు.)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. బీపీ, షుగర్ గురించి చెప్తానని మీరు అనుకుంటున్నట్టున్నారు. అవి చెప్పడానికి డాక్టర్లు ఉన్నారు. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళు సోలాపూర్‌లో తెలుగు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. నేను చెప్పబోయేది మన సమాఖ్య డైరెక్టరీలో లేని ఒక పేజీ గురించి. ఆ పుస్తకం మీ ఇళ్ళల్లో ఉంది కదా. అందులో కంటి డాక్టర్లు ఉన్నారు, ఎముకల డాక్టర్లు ఉన్నారు, పళ్ళ డాక్టర్లకైతే రెండు పేజీలు. పెళ్ళి వంటవాళ్ళు, బ్యాండు మేళం, పురోహితులు, అందరూ ఉన్నారు. మనసు బాగలేకపోతే ఎవరి దగ్గరికి పోవాలో మాత్రం ఒక్క పేరు లేదు. అవసరం పడిన రోజు ఆ పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగేసినదాన్ని నేను.

అవసరం మా తమ్ముడికి పడింది. వాడి సంగతి చెప్పడానికి వాణ్ణి అడిగే వచ్చాను. "పేరు చెప్పకు అక్కా, మిగతాది చెప్పు" అన్నాడు.

వాడికి ఎనిమిది సాంచెలు ఉండేవి, జకార్డ్ చద్దర్లు నేసేవి. నాయన నాలుగుతో మొదలుపెడితే వీడు ఎనిమిది చేశాడు. తర్వాతి కథ మీకు నేను చెప్పక్కర్లేదు. నూలు ధర పెరుగుతుంది, చద్దరు ధర పెరగదు, కామ్‌గార్ల పగారు వారం వారం ఇవ్వాలి. చివరికి ఎనిమిదీ భంగార్‌కు అమ్మేశాడు. కరీంనగర్ నుంచి వచ్చిన మా మేనమామ ఈ మాట విని, "మంచిదేనాయె, బంగారం చేసి పెట్టుకున్నడు" అన్నాడు. మరాఠీలో భంగార్ అంటే పాత ఇనుము అని ఆయనకేం తెలుసు! ఆ రోజు అందరం నవ్వినాం. తమ్ముడు కూడా నవ్వినాడు. వాడు నవ్వగా నేను చూసింది అదే ఆఖరు, ఆ తర్వాత ఏడాదిన్నర వరకు.

సాంచె చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదక్కా అనేవాడు. మేం దాన్ని తమాషాగా తీసుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి లేచి వాకిట్లో కూర్చునేవాడు. కడుపులో మంట అన్నాడు, ఎండోస్కోపీ చేయించాం. ఛాతీ పట్టేసింది అన్నాడు, ఈసీజీ తీయించాం. తల బరువు అంటే స్కాన్. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ప్రతి డాక్టరూ ఆఖరికి ఒకటే మాట: "టెన్షన్ తీసుకోకండి." టెన్షన్ ఎక్కడ దింపి రావాలో ఏ ఒక్కరూ చెప్పలేదు. మరదలు బీడీలు చేస్తుంది. రోజుకు వెయ్యి చేసే మనిషి చేతిలో ఐదు వందలు కూడా కావడం లేదని కార్ఖానాలో అడిగితే, చెయ్యి నొప్పి అని చెప్పిందట. మొగుణ్ణి కాపలా కాస్తూ కూర్చుంటే తునికాకు మీద చూపు ఎక్కడ నిలుస్తుంది?

ఇక మేం చేసిన వెతుకులాట. ఒక దర్గాకు పోయినాం. దేవుడు పూనే ఒకావిడ దగ్గరికి పోయినాం. ఇవి తప్పని నేను అనను, మరదలికి ఆ రెండు చోట్లా కొంచెం ఊపిరి అందింది. తర్వాత ఎవరో చెప్పగా ఒక పెద్ద బోర్డు దగ్గరికి పోయినాం. 'మైండ్ థెరపిస్ట్' అని రాసి ఉంది. ఎంత చదివాడో బోర్డు మీద లేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల మార్కుల షీట్లు చూసినదాన్ని, ఆ మనిషి మార్కుల షీటు అడగాలని నాకు తోచలేదు. ఇరవై ఒక్క రోజుల్లో మనిషిని కొత్తగా చేస్తానన్నాడు. పది సిట్టింగుల డబ్బు ముందే కట్టించుకున్నాడు. నాలుగో సిట్టింగులో తమ్ముడితో, "నీకు బాగుపడాలని లేదు, అందుకే బాగుపడటం లేదు" అన్నాడు. బాగుపడాలని లేనివాడు మెట్లెక్కి నీ గదికి ఎందుకు వస్తాడయ్యా అని ఇప్పుడు అడగబుద్ధి అవుతుంది. అప్పుడు అడగలేదు. తమ్ముడు ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాడు.

ఆ వారమే ఒక పొద్దున మరదలు పరుగెత్తుకొచ్చింది. రాత్రి కొడుకును పిలిచి చేతి గడియారం ఇచ్చాడట. బాకీల పుస్తకం ఎక్కడుందో, ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి దగ్గర రావాలో అన్నీ నెమ్మదిగా చెప్పాడట. "వదినా, ఎన్నడూ లేంది ఇంత మంచిగ మాట్లాడిండు, నాకు భయమైతాంది" అన్నది. ఆమె చదివింది నాలుగో తరగతి. ఏడుగురు డాక్టర్లకు అందనిది ఆమెకు అందింది. లెక్కలు అప్పజెప్పడం, వస్తువులు పంచడం, చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి నిమ్మళంగా కనిపించడం, ఇవి ప్రమాదం గుర్తులని డాక్టరు తర్వాత మాకు చెప్పారు.

ఆటోలో సివిల్‌కు తీసుకుపోయినాం. సోలాపూర్ వాళ్ళకు సివిల్ అంటే చాలు. బయటి ఊళ్ళవాళ్ళకు చెప్తున్నాను, వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు చెందిన పెద్ద దవాఖాన అది. పేరుకే ఏళ్ళ తరబడి దాని ముందు నుంచి పోతున్నాం. అందులో మానసోపచార విభాగం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

చిన్న వయసు డాక్టరమ్మ. మరాఠీలో మెల్లగా అడిగింది, బతకాలని అనిపించడం లేదా అని. తమ్ముడికి మరాఠీ రాదా? వస్తుంది, నాకంటే బాగా వస్తుంది. పేటలో వ్యాపారమంతా మరాఠీలోనే చేశాడు. కానీ తల దించుకుని "నాహీ, నాహీ" అన్నాడు. అక్కడ పని చేసే ఒక సిస్టరు మన తూర్పు భాగం అమ్మాయే అని మాట యాస బట్టి తెలిసింది. డాక్టరమ్మ సైగ చేస్తే ఆమె దగ్గరికొచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, సచ్చిపోదామనిపిస్తాందా?" అన్నది.

"ఔనక్కా" అన్నాడు. ఏడ్చాడు. పద్నాలుగు నెలల తర్వాత ఏడ్చాడు.

అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనందరికీ భయం. అది నిజం కాదని ఆ డాక్టరమ్మ చెప్పింది. అడిగితే పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది, అంతే. మేం పద్నాలుగు నెలలు అడగలేదు. మందులు మొదలుపెట్టారు. మందుల డబ్బా మరదలి దగ్గరే ఉండాలన్నారు, కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దన్నారు.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, మేం వెతికినట్టు మీరు వెతకొద్దని. ఇప్పుడు వెతకడం ఎట్లాగో చెప్తాను.

మొదట ఎవరు ఎవరో తెలియాలి. మనం అందరినీ 'మైండ్ డాక్టర్' అంటాం. అక్కడే మోసపోతాం. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పైన ఎం.డి. సైకియాట్రీయో, డి.పి.ఎం.వో, డి.ఎన్.బి.వో చేసిన డాక్టరు. మందులు రాసే హక్కు ఈయనకు ఉంది. థైరాయిడ్ తక్కువైనా, బి12 తక్కువైనా మనిషి దిగాలు పడిపోతాడు, కాబట్టి రక్త పరీక్ష కూడా రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. వీళ్ళు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు అయి ఉండాలి, ఆ నంబరు వాళ్ళ చీటీ మీద ఉంటుంది. మూడో రకం కౌన్సెలర్లు. ఎం.ఏ. సైకాలజీ చదివినవాళ్ళు, సోషల్ వర్క్ చదివినవాళ్ళు ఉంటారు, వీళ్ళల్లో చాలా మంచివాళ్ళు ఉన్నారు. కానీ వారాంతపు కోర్సు ఒకటి చేసి బోర్డు కట్టినవాళ్ళూ ఈ పేరే పెట్టుకుంటారు. బోర్డుకు డబ్బులు తప్ప ఇంకేం అక్కర్లేదు.

మహారాష్ట్రలో బోర్డు మీద 'మానసోపచార్ తజ్ఞ' అని ఉంటే సైకియాట్రిస్టు, 'సముపదేశక్' అని ఉంటే కౌన్సెలర్. కర్ణాటకలో 'మనోవైద్య', 'ఆప్త సమాలోచక' అని రాస్తారు. తమిళనాడులో 'మననల మరుత్తువర్' అంటే సైకియాట్రిస్టు. మన పిల్లలకు ఆ లిపులు వచ్చు, చదివించుకోండి.

ముందు ఎవరి దగ్గరికి? నిద్ర, తిండి పోయినా, ప్రాణం తీసుకోవాలన్న మాట వచ్చినా, లేని మాటలు వినపడుతున్నాయన్నా, తాగుడు వదలలేకపోయినా, నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికే. తాగుడు సంగతి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి గొళ్ళెం వేసి ఒక్కసారిగా మాన్పించాలని చూస్తారు మనవాళ్ళు. దాని వల్ల ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. ఇక మనిషి తన పనులు తాను చేసుకుంటూనే లోపల నలిగిపోతుంటే, అత్తాకోడళ్ళ మధ్యనో, చావు తర్వాతి దుఃఖమో, పరీక్షల భయమో అయితే, సైకాలజిస్టుతోనో మంచి కౌన్సెలర్‌తోనో మొదలుపెట్టవచ్చు. కొందరికి రెండూ కావాలి, మందూ మాటా.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? అన్నిటికంటే ముందు మీ ఊరి ప్రభుత్వ వైద్య కళాశాల దవాఖాన, లేకపోతే జిల్లా ఆసుపత్రి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటి ఉంది. దాని పుట్టుక మన బళ్ళారి బంధువులకు గర్వంగా ఉండాలి. 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో, పెద్దాసుపత్రికి రాలేని పల్లె జనానికి దగ్గర్లోనే మనసు వైద్యం అందించవచ్చునని చేసి చూపించారు. ఆ నమూనా మీదే 1996లో దేశానికి ఈ కార్యక్రమం వచ్చింది. చీటీకి నామమాత్రపు ఖర్చు. ఇబ్బందులు కూడా చెప్పాలి. రద్దీ ఎక్కువ, డాక్టరు దగ్గర అయిదు పది నిమిషాలే దొరుకుతాయి, ఒక్కోసారి వచ్చే నెల వేరే డాక్టరు ఉంటారు. అందుకే ఇంట్లో ఒక కాగితం మీద రాసుకుని పోండి: ఎప్పటి నుంచి, నిద్ర ఎంత, తిండి ఎంత, ఏ మందులు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా. మా తమ్ముడి కాగితం మరదలు చెప్తుంటే వాళ్ళ కొడుకు రాశాడు.

రెండోది ఫోను. 14416. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలు రాత్రి పని చేస్తుంది, డబ్బు పడదు, భాష ఎంచుకోమంటుంది, అందులో తెలుగు ఉంది. ఇది మనలాంటి వాళ్ళకు ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. భీవండిలో ఉన్న ముసలమ్మ రాత్రి రెండింటికి తెలుగులో మాట్లాడవచ్చు. దగ్గర్లో ఎక్కడికి పోవాలో కూడా వాళ్ళనే అడగవచ్చు. ప్రాణాపాయం అయితే మాత్రం ఫోనులో మాట్లాడుతూ కూర్చోవద్దు. 108కో 112కో చేయండి, లేకపోతే మాలాగ ఆటో ఎక్కించండి.

మూడోది మీ ఇంటి డాక్టరు. మా తప్పు ఇదీ. "టెన్షన్ తీసుకోకండి" అన్నప్పుడు, "సరే సార్, ఎవరికి చూపించాలో చీటీ రాయండి" అనాల్సింది. ఏడుసార్లు అవకాశం వచ్చింది, ఏడుసార్లూ థాంక్యూ చెప్పి లేచి వచ్చాం.

పేరు దొరికాక అడగాల్సినవి అడగండి. సిగ్గు పడకండి. పిల్లను ఇచ్చేటప్పుడు ఎన్ని ప్రశ్నలు వేస్తాం! మీరేం చదివారు, ఎక్కడ నమోదు అయ్యారు, ఒక్కోసారికి ఎంత, ఎంతసేపు, సుమారు ఎన్నిసార్లు రావాలి, ప్రమాదం అనిపిస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మంచి మనిషి ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. ఇన్ని రోజుల్లో నయం చేస్తానని హామీ ఇచ్చినా, మొత్తం డబ్బు ముందే అడిగినా, చూడకుండానే మందులన్నీ ఆపెయ్యమన్నా, నీ జబ్బు నీ తప్పే అన్నా, చెప్పులు వేసుకుని బయటికి రండి. సైకాలజిస్టు దగ్గర ఒక కూర్చోవడం ముప్పావు గంట దాకా ఉంటుంది, వారానికో పదిహేను రోజులకో ఒకటి. మొదటిసారే కుదరకపోవచ్చు. మూడు నాలుగు సార్లు పోయినా ఆ మనిషి ముందు నోరు విప్పబుద్ధి కాకపోతే వేరేవాళ్ళను చూసుకోండి, అదేం ద్రోహం కాదు. కానీ "మారుస్తున్నాను" అని చెప్పి, కాగితాలు తీసుకుని మారండి.

ఇప్పుడు భాష. నేను తెలుగు టీచరును కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, అధ్యక్షులు క్షమించాలి.

మనం ఇక్కడికి వచ్చి మూడు నాలుగు తరాలైంది. మన తెలుగులో మరాఠీ ఉంది, కన్నడం ఉంది, తాతలనాటి తెలంగాణ మాట ఉంది. "పానం కొట్టుకుంటాంది" అంటే హైదరాబాదు డాక్టరుకు అర్థమైతుంది, ఇక్కడి డాక్టరుకు కాదు. "మనసు నిలుస్తలేదు", "గుబులైతాంది", "ఇసికిపోయిన" ఇవన్నీ వేరు వేరు బాధలు. మా వాడలో ఒక పెద్దమ్మను దవాఖానకు తీసుకుపోయారు. తర్జుమా చెయ్యడానికి పన్నెండేళ్ళ మనవడు. ఆమె "దిగులు" అన్నది. వాడికి దిగులుకు మరాఠీ మాట తెలియదు, "భీతీ వాటతే" అన్నాడు. భయం వేస్తుందట అని డాక్టరు రాసుకున్నారు. ఆమెది భయం కాదు. కొడుకు పోయిన దుఃఖం. ఆ మాట మనవడి ముందు, చనిపోయిన తండ్రి గురించి, ఆమె ఎట్లా చెప్తుంది? అందుకే ఇంట్లో పిల్లలను తర్జుమాకు పెట్టకండి. దవాఖానలో మన భాష వచ్చే సిస్టరునో, ఉద్యోగినో అడగండి, తెలుగువాళ్ళు లేని సివిల్ ఇక్కడెక్కడుంది!

దీనికి తిరగేసి ఇంకో మాట. తెలుగు డాక్టరే కావాలని పట్టుబట్టి ఉన్న మంచి డాక్టరును వదులుకోవద్దు. మా మేనకోడలు ఉంది, పుట్టింది, చదివింది ఇక్కడే. తన మనసులో మాట మరాఠీలోనే వస్తుంది ఆమెకు. "తెలుగు కౌన్సెలర్ వద్దు అత్తా, ఆమె మనవాళ్ళకు చుట్టమై ఉంటుంది" అన్నది. పాపం, నిజమే. తెలుగు ఎంత దగ్గరో, అంత భయం కూడా. ఎవరికి ఏ భాషలో గుండె విప్పబుద్ధి అవుతుందో వాళ్ళనే అడగండి.

భయం అంటే ఏం భయం? వధూవరుల పరిచయ మేళావా భయం. ఇవాళ మధ్యాహ్నం ఇదే హాల్లో పెడుతున్నారు. బయోడేటాలు చేతిలో పట్టుకుని మెల్లగా చెవిలో అడుగుతారు: "వాళ్ళింట్ల ఎవరన్న మెంటలున్నరా?" నేనూ అడిగినదాన్నే, దాచుకోను. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఎన్ని ఇళ్ళల్లో ఆడపిల్లలు, మగపిల్లలు మందు లేకుండా పెరుగుతున్నారో లెక్క లేదు. మా మరదలు కూడా మొదటి నాలుగు నెలలు నాకు చెప్పలేదు, కూతురు పెళ్ళీడుకు వచ్చిందని. ఇక్కడ 'యరవాడ' అంటే తిట్టు, హైదరాబాదులో 'ఎర్రగడ్డ' అంటే తిట్టు, చెన్నైలో 'కీల్పాక్' అంటే తిట్టు. ఆ కీల్పాక్ ఆసుపత్రి 1794లో మొదలైంది. అన్ని తరాల రోగులను చూసుకున్న చోటు పేరు మనకు తిట్టు అయి కూర్చుంది. మార్కండేయుణ్ణి యముడి పాశం నుంచి తప్పించిన కథను ఏటా రథం ఎక్కించి ఊరేగిస్తాం. ఇంట్లో ఒకడి మెడ మీద పాశం ఉంటే మాత్రం తలుపు మూస్తాం.

గుట్టు కావాలంటే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన సంగతి గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. పోలీసు కేసు అవుతుందని కొందరు దవాఖానకు తీసుకుపోరు. ఆ చట్టం 115వ సెక్షన్ చూడండి. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, సాయం అందించాలి అని ఉంది. ఇన్సూరెన్సు కూడా శరీరం జబ్బులకు ఎట్లాగో మనసు జబ్బులకూ అట్లాగే ఇవ్వాలని అదే చట్టం చెప్తుంది. ఓపీడీ ఖర్చులు వస్తాయా రావా అన్నది మీ పాలసీ కాగితంలో చూసుకోండి. వాడలో ఎవరైనా చూస్తారని అనిపిస్తే, మొదటిసారి పక్క ఊరికి పోండి. కానీ నెలనెలా పోవాలి కదా, చార్జీలు, పోయిన రోజు కూలి లెక్క వేసుకోండి. దూరం డాక్టరు మూడో నెలలో ఆగిపోతాడు.

మందుల గురించి ఒక్క నిమిషం, డాక్టరు చెప్పిందే చెప్తాను. దిగులుకు ఇచ్చే మందు మింగగానే పని చేయదు, రెండు మూడు నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం ఉండవచ్చు. తమ్ముడు ఐదో రోజే "ఇది పనికిరాదు" అన్నాడు. తగ్గిన తర్వాత కూడా చాలా నెలలు వాడాలి, ఆపాలంటే డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి. ఇది నిద్రమాత్ర కాదు. నిద్రమాత్రల్లో కొన్నిటికి అలవాటు పడే గుణం ఉంది, మెడికల్ షాపులో ఎవరి చీటీయో చూపించి తెచ్చుకునేవి అవే. మనవాళ్ళు వాటికి భయపడరు, డాక్టరు రాసిన దానికి భయపడతారు!

సోలాపూర్ ఊసే ఎక్కువైంది. భీవండివాళ్ళకు ఠాణేలో ప్రాంతీయ మానసిక ఆసుపత్రి దగ్గరే. కర్ణాటకవాళ్ళకు నిమ్హాన్స్ ఎట్లాగూ ఉంది, కానీ ముందు మీ జిల్లా ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతేనే బెంగుళూరు బండి ఎక్కండి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఉంది. యానాం బంధువులకు పుదుచ్చేరి కంటే కాకినాడ పెద్దాసుపత్రి ఎంతో దగ్గర, అక్కడ భాష తర్జుమా కూడా అక్కర్లేదు. చెన్నై, కాంచీపురంవాళ్ళకు ఇందాక చెప్పిన కీల్పాక్.

సమాఖ్యను నేను అడిగేది ఒకటే, అధ్యక్షులు ఇక్కడే ఉన్నారు. వచ్చే డైరెక్టరీలో ఒక పేజీ ఇవ్వండి. ఊరి వారీగా సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, వాళ్ళ చదువు, నమోదు నంబరు, ఏ భాషలు వచ్చు, ఫీజు ఎంత, ఏ రోజు ఉంటారు. చందా ఇచ్చాడు కదా అని ఎవరి పేరూ చేర్చవద్దు. ఆ నంబర్లు ఒక్కొక్కటి సరిచూసి, వాళ్ళను కలిసి రాయాలి. సోలాపూర్ మటుకు నేనూ, ఇద్దరు పాత విద్యార్థులూ మొదలుపెట్టాం. ఇప్పటికి తొమ్మిది పేర్లు చూశాం, రెండు కొట్టేశాం. ఎందుకు కొట్టేశామో ఇక్కడ చెప్పను.

తమ్ముడు ఇప్పుడు మార్కెట్లో ఒక టవళ్ళ దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. మందు సగానికి తగ్గించారు. నిద్ర ఇంకా నాలుగున్నరకే తెగుతుంది. ఈ మధ్య మేనమామ మళ్ళీ వచ్చినప్పుడు ఆ బంగారం మాట వాడే ఎత్తాడు, మరదలు వంటింట్లోంచి బయటికొచ్చి వాడి మొహం చూసింది, నవ్వుతున్నాడా లేదా అని. నవ్వుతున్నాడు.

భోజనాల హాలు పక్కన, మజ్జిగ పెట్టిన బల్ల దగ్గర నేను సాయంత్రం దాకా ఉంటాను. మా దగ్గరున్న ఏడు పేర్ల కాగితం జిరాక్సులు తెచ్చాను. వచ్చి ఒకటి తీసుకుపోండి. ఎవరి కోసం అని నేను అడగను. పక్కింటివాళ్ళ కోసం అని మీరూ చెప్పక్కర్లేదు.